అమ్మా నాన్నల్ని వెతికిన పిల్లవాడు
(రేడియో ప్రసంగ పాఠం)



మన ఆడవాళ్ళలో డిటెక్టివ్ నవల ముట్టనివాళ్ళు తక్కువే. మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దుకున్నాక, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికే ఆ గంటన్నరలో అద్దె లైబ్రరీ పుస్తకం పట్టుకుని ఎంతమంది హంతకుల్ని మనం పట్టుకోలేదూ! కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు ఒక తరం ఇల్లాళ్ళకి సొంత మనుషుల్లాంటివాళ్ళు. ఆ నవలల్లో ఉన్న సుఖమేమిటంటే మొదటి పేజీల్లో ముడి పడుతుంది, ఆఖరి పేజీల్లో విడిపోతుంది. దొంగ దొరుకుతాడు. పుస్తకం మూసేసి మన పనికి మనం లేస్తాం.

ఇవాళ నేను చెప్పబోయేది కూడా డిటెక్టివ్ కథే. ఇందులోనూ ముడి విడిపోతుంది. కానీ విడిపోయాక మనసు తేలికపడదు. ఇది ఒక పిల్లవాడి కథ. తొమ్మిది పదేళ్ళ వయసులో మొదట తండ్రి, ఆ తర్వాత తల్లి ఇంట్లోంచి మాయమైపోతారు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై పేరుమోసిన డిటెక్టివ్ అవుతాడు. ఎందుకనుకున్నారు? అమ్మా నాన్నల్ని తనే వెతికి తెచ్చుకోవడానికి!

నవల పేరు "వెన్ వుయ్ వర్ ఆర్ఫన్స్". మన మాటల్లో చెప్పాలంటే "మేం అనాథలుగా ఉన్న రోజుల్లో" అనుకోవచ్చు. రాసినాయన కజువో ఇషిగురో. 2000వ సంవత్సరంలో వచ్చింది. ఆ ఏడాది బుకర్ బహుమతి తుది జాబితాదాకా వెళ్ళింది. నాది మెట్రిక్యులేషన్ చదువు. ఇంగ్లీషు నవల అంటే డిక్షనరీ పక్కన పెట్టుకునే కూర్చుంటాను. ఈ పుస్తకానికి దానితో పెద్దగా పని పడలేదు. చిన్న చిన్న వాక్యాలు, తేలికైన మాటలు. బరువంతా ఆ మాటల అడుగున ఉంటుంది.

ముందు రచయిత సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇషిగురో 1954లో జపాన్‌లోని నాగసాకిలో పుట్టారు. తండ్రి సముద్ర శాస్త్రవేత్త. ఆ ఉద్యోగం మూలంగా 1960లో, పిల్లవాడికి ఐదేళ్ళప్పుడు, కుటుంబం ఇంగ్లండు చేరింది. ఒకటి రెండేళ్ళలో తిరిగి వెళ్ళిపోదాం అనుకుంటూనే ఉండిపోయారు. జపాను నుంచి నెలనెలా పుస్తకాలూ పత్రికలూ పార్సెల్లో వచ్చేవట. ఆయన మళ్ళీ జపాన్ గడ్డమీద కాలు పెట్టింది 1989లో. అదే సంవత్సరం "ద రిమెయిన్స్ ఆఫ్ ద డే" నవలకి బుకర్ బహుమతి వచ్చింది. 2017లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నారు. చిన్నప్పుడు వదిలేసి వచ్చిన ఇల్లు మనసులో ఎలా ఉండిపోతుందో ఆయనకి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక కథలోకి వద్దాం. డిటెక్టివ్ నవల చివర ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి అన్యాయం చేసినట్టే అంటారు. ఈ పుస్తకానికి ఆ భయం అంతగా లేదు. ఏం జరిగిందో తెలిశాక రెండోసారి చదివితే మరీ బావుంటుంది. చివర తెలుసుకోకూడదనుకునేవాళ్ళు మాత్రం నన్ను మన్నించి, ఓ పది నిమిషాలు రేడియో కట్టేసుకోండి.

కథ మొదలయ్యేది చైనాలోని షాంఘై నగరంలో, 1900 తర్వాతి తొలి సంవత్సరాల్లో. విదేశీయుల పాలనలో ఉండే ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్ అనే పేటలో పచ్చిక లాన్ ఉన్న పెద్ద బంగళా. అందులో క్రిస్టఫర్ బ్యాంక్స్ అనే ఇంగ్లీషు పిల్లవాడు, వాడి అమ్మా నాన్నా, వాణ్ణి సాకే మే లీ అనే చైనా ఆయా. పక్కింట్లో అకీరా అనే జపాను కుర్రాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. అకీరా వాళ్ళింట్లో ఒక ముసలి నౌకరున్నాడు. వాడు తెగిన చేతుల్ని సాలీళ్ళుగా మార్చే మందు చేస్తున్నాడని అకీరా నమ్మకం. ఒకరోజు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని ఆ నౌకరు గదిలోకి దూరి, ఒక సీసా ఎత్తుకొస్తారు. మన పిల్లలు పెరటి చింతచెట్టు మీద దయ్యం ఉందని చెప్పుకోరూ, అదే తంతు!

ఇంతవరకూ ఆటపాటలే. కానీ ఆ ఇంట్లో ఒక చిక్కు ఉంది. తండ్రి పనిచేసే ఇంగ్లీషు కంపెనీ నల్లమందు వ్యాపారంలో ఉంది. తల్లి ఆ వ్యాపారం ఆపాలని సభలు పెట్టి పోరాడే మనిషి. వాళ్ళుండే బంగళా కంపెనీదే, తినే తిండి కంపెనీ జీతమే! ఒకసారి కంపెనీ తరఫున ఒక ఇన్‌స్పెక్టరు ఇల్లు చూడడానికి వచ్చి, ఫలానా ప్రాంతం నుంచి వచ్చిన నౌకర్లకి నల్లమందు అలవాటుంటుంది, పెట్టుకోకండి అని సలహా చెబుతాడు. ఆ తల్లి వాణ్ణి కడిగిపారేస్తుంది. ఆ విషాన్ని ఈ దేశానికి తెచ్చి పోస్తున్నదెవరని నిలదీస్తుంది. పిల్లవాడు పక్కనుంచి వింటూనే ఉంటాడు. ఆ మాటలు తగిలేది తన తండ్రికి కూడా అని వాడికి పూర్తిగా తెలియదు. మనకి తెలుస్తుంది.

ఇక్కడ మన దేశం మాట కూడా చెప్పుకోవాలి. చైనాకి చేరిన ఆ నల్లమందులో చాలా భాగం మన బీహారు, కాశీ ప్రాంతాల పొలాల్లోదే. మనం మసాలాలో నూరుకునే గసగసాలు కాసే మొక్కే అది. దాని కాయల పాలు తీసి, పాట్నా, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో ఉండలు కట్టి, పెట్టెలకెక్కించి కలకత్తాలో వేలం వేసేవారు. అక్కణ్ణుంచి ఓడల్లో చైనాకి. మాకొద్దని చైనా అడ్డం తిరిగితే 1839లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధానికి దిగారు. 1842లో ఒప్పందం రాయించుకుని షాంఘైతో సహా ఐదు రేవులు తెరిపించుకున్నారు. ఆ బంగళా, ఆ లాను, ఆ నౌకర్లు అన్నీ దానిమీద వచ్చిన భాగ్యమే. చివరికి 1907లో ఈ ఎగుమతిని ఏటేటా తగ్గించాలని ఒప్పందం కుదిరింది. అంటే నవల్లో ఆ తల్లి పోరాడే రోజులు సరిగ్గా అవే.

సరే, ఇంట్లో భార్యాభర్తల మధ్య మాటలు తగ్గిపోతాయి. ఇక్కడే అకీరా ఒక మాట చెబుతాడు. నాకీ పుస్తకంలో అన్నిటికంటే గుచ్చుకున్నది అదే. కిటికీకి వేలాడే వెదురు చిక్ ఉంటుంది చూడండి, ఆ పుల్లలన్నిటినీ పట్టి ఉంచేది మధ్యనున్న దారం. పిల్లలు ఆ దారంలాంటివాళ్ళు, దారం తెగితే పుల్లలన్నీ చెల్లాచెదురవుతాయి అంటాడు అకీరా. మా అమ్మా నాన్నా మాట్లాడుకోకపోతే నేను చాలినంత జపానువాడిగా లేకపోవడం వల్లేనట, మీవాళ్ళు మాట్లాడుకోకపోతే నువ్వు చాలినంత ఇంగ్లీషువాడిగా లేకపోవడం వల్లేనట! క్రిస్టఫర్ ఆ మాట మనసులో పెట్టుకుని, ఇంటికి వచ్చే అంకుల్ ఫిలిప్‌ని అడుగుతాడు, ఇంకొంచెం ఇంగ్లీషువాడిగా మారాలంటే ఏం చెయ్యాలని.

చూశారా అమ్మా! పెద్దవాళ్ళ తగాదాకి కారణం కంపెనీ, వ్యాపారం, మనస్తత్వాలు. పిల్లవాడు వెతుక్కున్న కారణం మాత్రం తనే. మనం తలుపు దగ్గరగా వేసుకుని గొంతు తగ్గించి పోట్లాడుకుంటాం, పిల్లలకి వినపడలేదనుకుంటాం. మాటలు వినపడవు. కానీ ఆ పూట అమ్మ కంచం విసురుగా పెట్టడం, నాన్న పేపరు చాటున మొహం దాచుకోవడం వాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. తెలిసి, 'నేనేం చేశాను?' అనుకుంటారు.

ఒకరోజు ఆఫీసుకి వెళ్ళిన తండ్రి తిరిగి రాడు. ఎవరో ఎత్తుకుపోయారంటారు. పోలీసులు వెతుకుతుంటారు. మరి పిల్లలు? ఆడుకుంటారు! ఏమాట అంటే, క్రిస్టఫరూ అకీరా రోజూ ఒకటే ఆట ఆడతారు. తండ్రి బందీగా ఉంటాడు. గొప్ప డిటెక్టివ్ వచ్చి విడిపిస్తాడు. ఆ ఆటలో తండ్రిని దాచిన ఇల్లు చక్కగా ఉంటుంది, దొంగలు కూడా ఆయన్ని మర్యాదగానే చూసుకుంటారు. భరించలేనిదాన్ని భరించేలా చేసుకునే ఉపాయం పిల్లలకి అంతే తెలుసు.

కొన్నాళ్ళకి అంకుల్ ఫిలిప్ వచ్చి, నీకు అకార్డియన్ కొనిపెడతానని పిల్లవాణ్ణి బజారుకి తీసుకెళతాడు. జనసమ్మర్దంలో చటుక్కున వదిలేసి మాయమవుతాడు. వాడు పరుగు పరుగున ఇంటికొస్తే అమ్మ లేదు. ఆయా మే లీ ఒక్కత్తే ఏడుస్తూ ఉంటుంది. ఆ తర్వాత పిల్లవాణ్ణి ఓడెక్కించి ఇంగ్లండులో మేనత్త దగ్గరకి పంపేస్తారు.

ఇంగ్లండులో వాడి బతుకు బాగానే సాగుతుంది. మంచి బడి, కేంబ్రిడ్జి చదువు, డిటెక్టివ్‌గా పేరు. ఈ కథనంతా చెప్పేది క్రిస్టఫరే. ఏడు భాగాలుగా, ఒక్కోదానికి ఊరూ తేదీ వేసి చెబుతాడు. మొదటిది 1930 జులై, లండన్. ఇందులో రచయిత చేసిన చమత్కారం చెప్పాలి. ఓడలో తనని తీసుకొచ్చిన పెద్దమనిషి ఏళ్ళ తర్వాత కలిసి, పాపం, ప్రయాణమంతా ముభావంగా ఉండేవాడివి అంటాడు. క్రిస్టఫర్‌కి ఒళ్ళు మండుతుంది. తను హుషారుగానే ఉన్నానని వాడి జ్ఞాపకం. బడి స్నేహితుడు కలిసి, నువ్వు అప్పట్లో విచిత్రమైన పక్షివిరా అంటాడు. తను అందరితో ఇట్టే కలిసిపోయానని వాడి జ్ఞాపకం. ఎవరిది నిజం? పిల్లవాడు తన దుఃఖాన్ని ఎంత చక్కగా దాచిపెట్టాడంటే, ఎక్కడ పెట్టాడో తనకే తెలియదు. ఇంట్లో ఏదైనా జరిగినప్పుడు చుట్టాలు అంటూ ఉంటారు, పిల్లాడు ఇట్టే సర్దుకున్నాడు, వాడికేం తెలుసు అని. ఆ మాట ఎప్పుడు విన్నా ఇకమీదట నాకు ఈ క్రిస్టఫర్ గుర్తొస్తాడు.

మధ్యలో వాడు జెన్నిఫర్ అనే అనాథ పిల్లని పెంచుకుంటాడు. ఆ పిల్ల సామానున్న పెట్టె దారిలో పోతుంది. వీడు గాభరా పడతాడు. ఆ పిల్ల మాత్రం నిదానంగా ఉంటుంది. అమ్మా నాన్నే పోయినవాళ్ళకి వస్తువుల మీద అంత బెంగ ఎందుకుంటుందన్నట్టు మాట్లాడుతుంది. పదేళ్ళ పిల్ల నోట ఆ మాట వింటే మన గుండె కలుక్కుమంటుంది. మరి 1937లో ఏం చేస్తాడో చూడండి. తన అమ్మా నాన్నల్ని వెతకాలని ఆ పిల్లని వదిలేసి షాంఘై బయల్దేరతాడు! అనాథ అనాథని వదిలి వెళ్ళడం. తీరని దుఃఖం ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి ఎలా నడుస్తుందో ఈ ఒక్క ఘట్టం చాలు.

1937 ఆగస్టులో షాంఘైమీద జపాన్ సైన్యం యుద్ధానికి దిగింది. మూడు నెలల పోరు అది. విదేశీయులుండే సెటిల్‌మెంట్ మాత్రం యుద్ధానికి బయట. నవల్లో పెద్ద హోటల్లో పార్టీ జరుగుతూ ఉంటే, అతిథులు నాటకం చూసే బైనాక్యులర్లతో ఆవలి పేటమీద పడే గుళ్ళని చూస్తుంటారు. ఒక ఉద్యోగి క్రిస్టఫర్ దగ్గరకొచ్చి, మీ తల్లిదండ్రులు దొరకగానే పార్కులో స్వాగత సభ ఏర్పాటు చేస్తాం, మీకు సమ్మతమేనా అని అడుగుతాడు! ఇరవై ఐదేళ్ళ కిందట పోయినవాళ్ళు ఇంకా అదే ఊళ్ళో, ఒక ఇంట్లో బందీలుగా ఉంటారా? మనకి నవ్వొస్తుంది. కొందరు విమర్శకులు కూడా ఈ భాగం నమ్మశక్యంగా లేదన్నారు. నాకు మాత్రం ఇది అర్థమైంది. వాడు వెతుకుతున్నది పెద్ద డిటెక్టివ్‌గా కాదమ్మా, తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా. చిన్నప్పటి ఆటలో తండ్రిని దాచిన ఇల్లే వాడింకా వెతుకుతున్నాడు.

యుద్ధం జరుగుతున్న పేటలో కూలిన గోడలమీదుగా పాక్కుంటూ చివరికి ఆ ఇల్లు చేరతాడు. లోపల అమ్మా నాన్నా లేరు. బాంబు పడి చచ్చిన ఒక చైనా కుటుంబం, ప్రాణంతో మిగిలిన ఒక చిన్న పిల్ల. ఆ పిల్ల గాయపడ్డ తన కుక్కని బాగుచేయమని బతిమాలుతుంది. క్రిస్టఫర్ ఏం చేస్తాడనుకున్నారు? జేబులోంచి భూతద్దం తీస్తాడు! బడి రోజుల్లో స్నేహితులు వేళాకోళానికి బహూకరించిన భూతద్దం అది. దానితో శవాల్ని పరీక్షిస్తాడు. నేరస్థుణ్ణి కనిపెట్టేస్తానని ఆ పిల్లకి ధైర్యం చెబుతాడు. ఆ పిల్లకి కావలసింది నేరస్థుడా? ఈ పేజీ దగ్గర నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత అంకుల్ ఫిలిప్ ఎదురుపడి నిజం చెబుతాడు. తండ్రిని ఎవరూ ఎత్తుకుపోలేదు. భార్య ఆశించినంత ఎత్తుకి ఎదగలేక, ఇంకొకామెతో వెళ్ళిపోయాడు. రెండేళ్ళకి సింగపూర్‌లో టైఫాయిడ్‌తో పోయాడు. నల్లమందు ఆపుతానని నమ్మించిన ఒక చైనా సైన్యాధిపతి, ఆ సరుకు తనే దోచి అమ్ముకుంటున్నాడని తెలిసి తల్లి వాణ్ణి మొహంమీదే అవమానించింది. వాడు పగబట్టి ఆమెని ఎత్తుకుపోయి తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఆ రోజు పిల్లవాణ్ణి బజారుకి తీసుకెళ్ళింది అందుకే. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. తన కొడుకు చదువుకీ బతుకుకీ డబ్బు అందాలని. ఇంగ్లండులో వాడు అనుభవించినది మేనత్త ఆస్తి అనుకున్నాడు. వాడి చదువు, హోదా, ఆ డిటెక్టివ్ వృత్తి, అన్నిటి వెనకా అమ్మ చెరలో గడిపిన రోజులున్నాయి!

ఇందులో విచారించాల్సిందేమిటంటే, ఈ సంగతులు తెలిసినవాళ్ళు ఎవరూ పిల్లవాడికి చెప్పలేదు. మీ నాన్న వెళ్ళిపోయాడని చెబితే పిల్లవాడు కుమిలిపోతాడని కొందరు, పరువు పోతుందని కొందరు, చేసిన పని మొహం మీదకి తెచ్చుకోలేక ఫిలిప్, అందరూ ఊరుకున్నారు. ఖాళీగా వదిలిన ఆ చోట్లో పిల్లవాడు తనకి తోచిన కథ అల్లుకున్నాడు. జీవితంలో సగభాగం ఆ కథకే ఇచ్చేశాడు.

మన ఇళ్ళల్లో ఇలా జరగదా? నాన్న పోతే ఊరెళ్ళారంటాం. నాన్నమ్మ పోతే నిద్రపోయిందంటాం. ఊరెళ్ళిన నాన్న కోసం గేటు చప్పుడైనప్పుడల్లా పిల్ల లేచి పరుగెడుతుంది. నిద్రపోయిన నాన్నమ్మ లేవలేదని తెలిసిన పిల్లవాడు రాత్రి పడుకోవడానికి భయపడతాడు. పసిపిల్లలు మాటని మాటగానే తీసుకుంటారనీ, నాలుగైదేళ్ళలోపు వాళ్ళకి చనిపోయినవాళ్ళు మళ్ళీ రారన్న సంగతి ఒకసారి చెబితే అందదనీ పిల్లల మనస్తత్వం తెలిసిన డాక్టర్లు చెబుతారు. అందుకే వాళ్ళు అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. విసుక్కోకుండా ఆ చిన్న జవాబే మళ్ళీ మళ్ళీ చెప్పాలి. అన్నీ చెప్పనక్కరలేదు. చెప్పినంతవరకూ నిజం ఉంటే చాలు. దానితోపాటు ఇంకొక్క మాట, "ఇందులో నీ తప్పేం లేదురా కన్నా" అని. మనకి అనవసరం అనిపిస్తుంది. వాళ్ళు లోపల ఎదురు చూసేది ఆ మాట కోసమే. పోయిన మనిషి ఫొటో గోడమీదనుంచి తీసి దాచెయ్యకండి. ఆ మనిషి పేరు ఇంట్లో మామూలుగా వినపడనివ్వండి. బడిలో టీచరుకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

నవల చివరి భాగం 1958 నాటిది. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళకి హాంగ్‌కాంగ్‌లో, సిస్టర్లు చూసుకునే ఒక ఆశ్రమంలో క్రిస్టఫర్‌కి తల్లి కనిపిస్తుంది. ముసలిదైపోయింది. మతి చెదిరింది. ఎండలో కూర్చుని పేకముక్కలు పేర్చుకుంటోంది. కొడుకుని గుర్తుపట్టదు. అప్పుడు వాడు చిన్ననాటి ముద్దుపేరు చెబుతాడు. మనం చిట్టీ, బుజ్జీ అంటామే, అలా ఆవిడ వాణ్ణి పఫిన్ అని పిలిచేది. పఫిన్ అంటే ఒక సముద్రపక్షి. ఆ పేరు వినగానే ఆ మొహంలో వెలుగొస్తుంది. పఫిన్ మిమ్మల్ని వెతకడానికి చాలా ప్రయత్నించాడు, వాడివల్ల కాలేదు, వాణ్ణి క్షమిస్తారా అని అడుగుతాడు. ఆవిడ ఆశ్చర్యపోతుంది. క్షమించడానికి వాడు చేసిన తప్పేముందని ఆవిడకి అర్థమే కాదు! తను ఎదుట కూర్చున్నది ఎవరో తెలియదు, వాడిమీద ప్రేమ మాత్రం చెక్కుచెదరలేదు.

ఎన్నో కేసులు తేల్చిన ఆ డిటెక్టివ్‌కి అసలు కేసు అక్కడ తేలింది. అమ్మకి వాడు రక్షకుడు కానక్కరలేదు. ఎక్కడో క్షేమంగా పెరుగుతున్నాడని నమ్మకం ఉంటే చాలు. ఆ సంగతి చిన్నప్పుడే ఎవరైనా వాడి చెవిన వేసి ఉంటే, అన్నేళ్ళు ఆ బరువు మోసేవాడు కాదు.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. ఈ నవల దొరికితే తప్పకుండా చదవండి. ఇంగ్లీషు కష్టమనిపిస్తే చదువుకునే పిల్లల చేత రోజుకో నాలుగు పేజీలు చదివించుకుని వినండి. అకీరా చెప్పిన ఆ చిక్ దారం మాట వచ్చినప్పుడు మీ పిల్లలు ఏమంటారో అడిగి చూడండి. మనింట్లో మనకి తెలియని సంగతి ఏదైనా ఆ పూట బయటపడవచ్చు.